ముహూర్తం శనివారం రాత్రి 12:48. శ్రీకాకుళంలో పెళ్లి, ఏ పని ఎన్ని గంటలకి?

నాగావళి_గట్టు:

అన్నలూ, అక్కలూ, నమస్తే. నవంబరు 21 శనివారం రాత్రి 12:48కి మా ముహూర్తం, సింహ లగ్నం. అమ్మాయి వాళ్లది శ్రీకాకుళం, అబ్బాయి వాళ్లది విజయనగరం. ఇద్దరం బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నాం, ఈ పోస్టు కూడా ఇద్దరం కూర్చునే రాస్తున్నాం. పెళ్లి శ్రీకాకుళంలోనే, కల్యాణమండపంలో. భోజనాలకి 700 మంది దాకా వస్తారని అంచనా. మగపెళ్ళివారు రెండు బస్సుల్లో వస్తారు. హైదరాబాదు, బెంగళూరు నుంచి వచ్చే స్నేహితులు 40 మంది ఉంటారు.

పెద్దవాళ్లని అడిగితే "అన్నీ అవే అవుతాయి, మీకెందుకు" అంటున్నారు. అవుతాయి గానీ అర్ధరాత్రి ముహూర్తం కదా, మాకు భయంగా ఉంది. అడగాల్సినవి ఇవీ:

మండపం ఏ గంట నుంచి ఏ గంట దాకా మాట్లాడుకోవాలి? భోజనాలు ఎప్పుడు మొదలెట్టాలి, పంక్తి పెట్టాలా బఫే పెట్టాలా? సరుకులు మేమే కొని వంటవాళ్లకి ఇస్తే 700 మందికి ఎంతెంత కావాలి? వాన పడితే ఏం చెయ్యాలి? ఇవి కాకుండా అందరూ మర్చిపోయేవి ఏమైనా ఉంటే చెప్పండి.

పందిరిరాట:

ముందు తేదీ తేల్చుకోండి. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. అంచేత 12:48 అయినా అది శనివారం రాత్రే. మీ ఫోనుకీ, రైల్వేవాళ్లకీ, సబ్ రిజిస్ట్రారుకీ మాత్రం అప్పటికే 22, ఆదివారం వచ్చేసింది. కార్డు మీద "నవంబరు 21 శనివారం రాత్రి 12:48 (తెల్లవారితే 22 ఆదివారం)" అని రెండూ పడాలి. "తెల్లవారితే" అన్న మాట లేకపోతే సగం మంది ఆదివారం రాత్రి వస్తారు. ఇంగ్లీషు కార్డు వేయించేటప్పుడు ప్రెస్సువాళ్లు ఆ ముక్క ఎగరగొట్టేస్తారు, ప్రూఫులో అది చూడండి.

మండపం దగ్గర కూడా ఇదే తిరకాసు. కొన్ని మండపాలు ఉదయం 6 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా ఒక రోజు అంటాయి, కొన్ని మధ్యాహ్నం 12 నుంచి 12 దాకా. గుమస్తా పుస్తకంలో "22 ముహూర్తం" అని రాసుకుంటే మీకు 22 ఉదయం తాళాలిస్తాడు, 21న అక్కడ ఇంకొకరి రిసెప్షన్ నడుస్తూ ఉంటుంది. రసీదు మీద తేదీ ఒక్కటే ఉంటే ఒప్పుకోకండి. "21 ఉదయం 6 నుంచి 22 ఉదయం 10 వరకు" అని గంటలతో రాయించుకోండి. 6కే ఖాళీ చెయ్యాలంటే అంపకాలు హడావిడిగా అయిపోతాయి, పైగా సామాను సర్దడానికే రెండు గంటలు పడుతుంది. అదనపు గంటలకి ఎంతో ముందే మాట్లాడుకుంటే తక్కువలో పోతుంది.

ఇప్పుడు గంటలు. 12:48 అంటే జీలకర్ర-బెల్లం తల మీద పెట్టే క్షణం. అక్కణ్ణించి వెనక్కి రండి. కన్యాదానానికి, మహాసంకల్పానికి 45 నిమిషాలు, అంటే పెళ్లికూతురు 11:55కి బుట్టలో కూర్చుని పీటల దగ్గరికి వచ్చేయాలి. అంతకుముందు గౌరీపూజ 40 నిమిషాలు. దానికి ముందు పెళ్లికూతురి అలంకరణ. ముస్తాబు చేసేవాళ్లు రెండు గంటలంటే మూడు వేసుకోండి, పూలజడ ఒక్కటే ముప్పావు గంట తింటుంది. అంటే ఆవిడ 8కి కుర్చీలో కూర్చోవాలి, 7:30కే నాలుగు ముద్దలు తినేయాలి. ఉపవాసం ఉండే ఇల్లయితే పాలూ పళ్లూ.

అబ్బాయి వైపు: ఎదురుకోలు 7:30, స్నాతకం 9:30. కాశీయాత్ర సరదాకి ఇరవై నిమిషాలు చాలు, బావమరిది బెల్లం ముక్క జేబులో పెట్టుకుని రెడీగా ఉండాలి.

ముహూర్తం తరవాత తొందరేం లేదు. సూత్రధారణ 1:15, తలంబ్రాలు 1:30, హోమం, సప్తపది కలిపి 3 దాకా. అరుంధతిని 4కి చూడండి. ఇది రాత్రి ముహూర్తంలో ఉన్న సుఖం: నవంబరు చివర్లో ఆ నక్షత్రం రాత్రి 2 దాటితే గానీ ఈశాన్యాన పైకి రాదు, 4 గంటలకి డాబా ఎక్కితే సప్తర్షుల్లో వసిష్ఠుడి పక్కన నిజంగానే కనబడుతుంది. పగటి పెళ్లిళ్లలో పంతులుగారు చూపించిన వైపు తల ఊపడమే. 4:45కి అంపకాలు.

పురోహితులు రెండు వైపుల వాళ్లూ వస్తారు కాబట్టి వారం ముందే ఇద్దరినీ ఫోనులో కలపండి. సూత్రం కట్టేముందు ఏది, తరవాత ఏది అన్న దాంట్లో ఇంటింటికీ ఆచారం మారుతుంది. ఆ వాదన పీటల మీద మొదలైతే పావుగంట అక్కడే పోతుంది, లగ్నం మాత్రం ఆగదు.

చిన్నదే గానీ చెప్తాను. జీలకర్ర-బెల్లం సాయంత్రమే నూరి పెట్టేస్తారు. బెల్లం ఊరి నీరు కక్కుతుంది, అర్ధరాత్రికి పల్చబడి కళ్లలోకి కారుతుంది, పట్టుచీర పాడవుతుంది. జీలకర్ర నానబెట్టి ఉంచి 11 దాటాక గట్టిగా నూరండి, తమలపాకులో నిమ్మకాయంత ముద్ద చాలు. తలంబ్రాల బియ్యం కూడా అంతే. పసుపు నీళ్లతో కలిపితే ఉండ కడుతుంది, రంగు అంటుతుంది. మనిషికి అయిదు కిలోల లెక్కన పది కిలోలు తీసుకుని, పసుపూ రెండు చెంచాల నెయ్యీ వేసి పొడిగా పట్టించండి.

గుండిగ_గరిటె:

వంట సంగతి నేను చెప్తాను. 700 అన్నారు కదా అని గుడ్డిగా వండకండి. మీ లెక్కలో మగపెళ్ళివారు కలిసి ఉన్నారా, విడిగానా ముందు చూసుకోండి. చాలా ఇళ్లలో ఈ రెండు బస్సులే లెక్క తప్పేది.

అసలు ఇబ్బంది మొత్తం ఎంతమందని కాదు, ఒకేసారి ఎంతమంది వస్తారన్నదే. శనివారం సాయంత్రం ఆఫీసులూ కొట్లూ చూసుకుని వచ్చేవాళ్లు 8కీ 9:30కీ మధ్య దిగుతారు. 400 మంది ఆ గంటన్నరలోనే. 120 మంది పట్టే హాల్లో ఒక పంక్తి వడ్డించి, లేచి, ఆకులు తీసి, తుడిచి, మళ్లీ వేసేసరికి 40 నిమిషాలు. ఆ గంటన్నరలో మూడో పంక్తి కూడా పూర్తిగా లేవదు, అంటే 270 మంది. మిగతా 130 మంది కూర్చున్నవాళ్ల కుర్చీల వెనక నిలబడి ఉంటారు. దీనికి విరుగుడు ఒక్కటే, 6:45కే మొదటి పంక్తి వేసేయడం. ఊరివాళ్లనీ, బంధువుల పిల్లల్నీ, ముసలివాళ్లనీ మీ మనిషే వెళ్లి పిలిచి కూర్చోబెట్టాలి. "ఎప్పుడైనా తినండి" అంటే ఎవరూ లేవరు.

సరుకులు. ఈ లెక్క రాత్రి భోజనం 700కి, అరటాకు మీద, బూరె, గారె, పులిహోర, రెండు కూరలు, పప్పు, దప్పళం, పెరుగు అనుకుని:

బియ్యం తెల్లన్నానికి మనిషికి 100 గ్రాములు, 70 కిలోలు. పులిహోరకి విడిగా 20 కిలోలు. కందిపప్పు ముద్దపప్పుకి 20, దప్పళంలోకి ఇంకో మూడు. పూర్ణం బూరెలు మనిషికి రెండు చొప్పున 1400. కిలో శనగపప్పుకి, కిలో బెల్లానికి 70 బూరెలు వస్తాయి, కాబట్టి చెరో 20 కిలోలు, పూర్ణం ముంచే తోపు పిండికి మినపప్పు, బియ్యం విడిగా. గారెకి కిలో మినపప్పుకి 45 నుంచి 48, 15 నుంచి 16 కిలోలు. పెరుగు మనిషికి 100 మిల్లీలీటర్లు, 70 లీటర్లు. నెయ్యి 8 కిలోలు. నూనె మూకుడు ఎంత పెద్దదన్న దాన్ని బట్టి ఉంటుంది, వంటమేస్త్రీనే అడగండి, వాడు చెప్పిన దానికి అయిదు కిలోలు తగ్గించి తెచ్చి మిగతాది దగ్గర కొట్లో చెప్పి ఉంచండి.

కూరల్లో పనసపొట్టు అడుగుతారు మీ మావయ్యలు. కార్తీకంలో అది దొరకదు, మాఘం దాటాక మాట. ఈ రోజులకి కంద-బచ్చలి సరైన కూర. కంద 55 కిలోలు, ఆవ పెట్టి. ముక్కలు చింతపండు నీళ్లలో ఉడకకపోతే గొంతు పట్టేస్తుంది, అది మాత్రం మేస్త్రీకి గుర్తు చెయ్యండి. రెండోది వంకాయ, 50 కిలోలు. ముందే తరిగి ఉప్పునీళ్లలో వేసి ఉంచుతారు, గంట దాటితే చప్పబడుతుంది, 5కి తరగమనండి. గుమ్మడికాయ దప్పళంలోకి 25 కిలోలు.

పెరుగు దగ్గర జాగ్రత్త. నవంబరులో రాత్రి చలికి తోడు తొందరగా అందదు. శుక్రవారం రాత్రి 9కి తోడేస్తే శనివారం మధ్యాహ్నానికి కూడా జారుగానే ఉంటుంది. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే తోడు కాస్త ఎక్కువ వేసి, గుండిగలకి గోనెసంచి చుట్టి, శుక్రవారం సాయంత్రం 5కే పెట్టేయాలి. డెయిరీ పెరుగు బకెట్లు తెప్పించుకుంటే ఈ బాధ లేదు, రుచి వేరే మాట.

అన్నం ఒక్కసారి వార్చి పెట్టకండి. 6:30, 7:45, 8:30, 9:30, నాలుగు ఎసర్లు. 6 గంటలకి వండినది 10:30కి వడ్డిస్తే ముద్దయిపోతుంది. కొబ్బరి పచ్చడి, పెరుగు పచ్చడి రెండు విడతలుగా కలపాలి, కొబ్బరి నాలుగు గంటలు దాటితే వాసన వచ్చేస్తుంది. పులిహోర మధ్యాహ్నం కలిపినా ఏం కాదు.

వడ్డనకి 12 మందికి ఒకడు ఉండాలి. 120 మంది పంక్తికి పది మంది, నీళ్లకి ఇద్దరు విడిగా, ఆకులు తీసేవాళ్లు నలుగురు విడిగా. ఆకులు తీసే చేత్తో వడ్డించకూడదని మాట్లాడుకునేటప్పుడే చెప్పాలి.

తాగే నీళ్లు మనిషికి లీటరు, 20 లీటర్ల టిన్నులు 35. తెల్లారిదాకా ఉండేవాళ్లకీ కాఫీలకీ ఇంకో పది.

అరటాకులు 800 చెప్పండి. తుఫాను వస్తే ముందు పడిపోయేది అరటితోటే, ఆ వారం ఆకు ధర నోటితో చెప్పలేం. అంచేత సీతంపేట, పార్వతీపురం వైపు కుట్టే అడ్డాకు విస్తళ్లు ఓ 300 తెచ్చి పక్కన పెట్టుకోండి. అవి పాడవవు, మిగిలితే వ్రతానికి పనికొస్తాయి.

ఇంకో రెండు సంగతులు, నవంబరు కాబట్టి. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి మానేసేవాళ్లు చాలామంది, పెళ్లి వంటలో అసలు వెయ్యకపోతే గొడవే ఉండదు. రెండు, అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు. మన వైపు ఆ నెలలో 700 మందిలో పాతిక ముప్పై మంది తప్పక ఉంటారు. వాళ్లకి మధ్యాహ్నమే భిక్ష, రాత్రి అన్నం తినరు, అల్పాహారమే. పంక్తిలో కూర్చోమంటే ఇబ్బంది పడి తినకుండానే వెళ్లిపోతారు. ఒక గదిలో చాపలు వేసి, విడిగా వండిన ఇడ్లీ లేదా ఉప్మా, అరటిపళ్లు, పాలు పెట్టండి. గిన్నెలూ గరిటెలూ కూడా విడిగా. ఎవరూ అడగరు గానీ పెడితే ఊరంతా చెప్పుకుంటారు.

తెల్లవారుజామున 150 మంది మిగులుతారు. 2 గంటలకి టీ, 4:30కి ఇడ్లీ. రాత్రి వంట చేసిన మనుషులే అప్పటికి నిద్రపోతూ ఉంటారు. టిఫినుకి వేరే ఇద్దర్ని మాట్లాడుకోకపోతే మగపెళ్ళివారు ఖాళీ కడుపుతో బస్సెక్కుతారు, ఆ మాట పదేళ్లు నడుస్తుంది.

నాగావళి_గట్టు:

గుండిగ గారూ, పందిరిరాట గారూ, మీ ఇద్దరి పోస్టులూ ప్రింటు తీసి నాన్నగార్లిద్దరికీ ఇచ్చాం. స్వాముల సంగతి మాకు తట్టనే లేదు.

ఇంకో రెండు. స్నేహితులు బఫే పెట్టమంటున్నారు, పెద్దవాళ్లు ఒప్పుకోవట్లేదు. మండపం వాళ్లేమో 14 ఏసీలు, 25 కేవీఏ జనరేటరు ఉన్నాయంటున్నారు, కరెంటు పోయినా ఏం పర్లేదంటున్నారు. సరిపోతుందా?

మూడులాంతర్లు:

సరిపోదు. 25 కేవీఏ అంటే చేతికి వచ్చేది 20 కిలోవాట్లు. టన్నున్నర ఏసీ ఒక్కోటి సుమారు 1.7 కిలోవాట్లు లాగుతుంది, 14కి 24 దాకా. లైట్లూ, మైకూ, వీడియోవాళ్ల దీపాలూ, నీళ్ల మోటారూ ఇంకా లెక్కలోకే రాలేదు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, కరెంటు పోతే ఏసీలు ఆపేసి లైట్లు మాత్రం ఇస్తారన్నమాట. నవంబరు రాత్రి అది పెద్ద నష్టం కాదు. పెళ్లి పీటల దగ్గర నాలుగు ఏసీలూ, లైట్లూ, మోటారూ జనరేటరు మీద ఉంటే చాలని చెప్పండి. ఫ్యాన్లు పెడితే హోమం పొగ, నిప్పురవ్వలు పెళ్లికూతురి మీదకి పోతాయి, అంచేత పీటల దగ్గర ఏసీయే ఉండాలి. హోమం వేళకి వెనక తలుపులు తీయించండి.

21 సాయంత్రం 5కి మెయిన్ ఆపించి, లోడు మీద పావుగంట నడిపించి చూడండి. ఖాళీగా తిప్పి చూపిస్తే లెక్కలోకి రాదు. డీజిలు గంటకి 5, 6 లీటర్లు తాగుతుంది. ఎవరు పోస్తారు, ఎన్ని లీటర్లు ఉన్నాయి, రాత్రి 2 గంటలకి అయిపోతే ఎవరు లేస్తారు, ఇవి అడగండి. కరెంటు మీటరు రీడింగు తాళాలు తీసుకున్నప్పుడూ, ఇచ్చేటప్పుడూ ఫోటో తీయండి. యూనిట్ల దగ్గర జరిగినన్ని తగాదాలు గిన్నెల దగ్గర కూడా జరగవు.

బఫే మాట. రెండు కౌంటర్లు పెట్టి, రెండేసి వైపులా తీసుకోనిస్తే నాలుగు వరసలు. ఒక్కో వరసలో నిమిషానికి ముగ్గురు కదులుతారు, గంటకి 700 మంది చులాగ్గా అయిపోతారు. గుండిగ గారు చెప్పిన 8 నుంచి 9:30 ఒత్తిడికి ఇదే మందు. కానీ ముసలివాళ్లు పళ్లెం పట్టుకుని నిలబడలేరు, మన వైపు వియ్యపురాలిని నిలబెట్టి తినమనడం బాగోదు కూడా. కాబట్టి 60 మందికి ఆకులేసిన పంక్తి ఒక పక్కన 6:45 నుంచి ఆగకుండా నడపండి, మగపెళ్ళివారి మొదటి బంతి అందులోనే. స్నేహితులకీ, ఆఫీసువాళ్లకీ బఫే. బూరె, గారె కౌంటరు చివర పెట్టించండి. మొదట్లో పెడితే జనం అక్కడే ఆగిపోతారు.

చప్పుడు సంగతి ఎవరూ చెప్పలేదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడు స్పీకరు పెట్టకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. మూసి ఉన్న హాల్లో లోపలివాళ్లకి వినపడేంత మైకు పెట్టుకోవచ్చు. కాబట్టి ఊరేగింపు, డీజే, బాణాసంచా ఏదున్నా ఎదురుకోలుతో కలిపి 7:30కి మొదలెట్టి 9:30కి ముగించాలి. బస్సులు 8:30కి దిగితే మీ ఊరేగింపు అక్కడితో సరి. ముహూర్తానికి సన్నాయి, డోలు ఉంటాయి, వాటికి మైకు అక్కర్లేదు.

బస్సులు విజయనగరంలో 4:30కి కదలాలి. దూరం 70 కిలోమీటర్ల లోపే. నాతవలస దగ్గర హైవే ఎక్కి, రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా గంటన్నర ప్రయాణం. కానీ పెళ్లి బస్సు చెప్పిన టైముకి కదలదు, దారిలో ఒకసారి ఆగకుండా రాదు. 4:30 అని అందరికీ చెప్తే 5:15కి కదిలి 7కి వస్తుంది. ఆర్టీసీ డిపోలో బస్సు మాట్లాడుకుంటే డబ్బు ముందు కట్టాలి, ఎక్కువ తిరిగిన కిలోమీటర్లకీ ఆగిన గంటలకీ తరవాత లెక్క చూస్తారు. ఇక్కడ ఒకటి: తెల్లారి 5:30కి తిరిగి వెళ్లేది అదే డ్రైవరు. అతనికి రాత్రి 9 నుంచి పడుకోవడానికి చప్పుడు లేని గది, దుప్పటి ఇవ్వండి. పందిట్లో కుర్చీలో కూర్చోబెట్టి తెల్లారి స్టీరింగు ఇస్తే చాలా ప్రమాదం. పెళ్లికొడుకు కారుకైతే నిద్రపోయి లేచిన వేరే మనిషి ఉండాలి, బంధువుల కుర్రాడు వద్దు.

రైల్లో వచ్చే స్నేహితులకి చెప్పండి, టికెట్ మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, దిగేది ఆమదాలవలసలో. ఊరు అక్కణ్ణించి 12 కిలోమీటర్ల పైమాటే. కొన్ని ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు, విజయనగరంలో దిగి రావాలి. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, ఆ ఉదయమే చెయ్యాలి. తిరుగు టికెట్ అర్ధరాత్రి దాటిన బండికైతే మళ్లీ పందిరిరాట గారు చెప్పిన తేదీ తిరకాసే.

వాన. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర. నవంబరులో కూడా బంగాళాఖాతం ఊరుకోదు. పెళ్లికి అయిదు రోజుల ముందు నుంచి విశాఖ తుఫాను హెచ్చరిక కేంద్రం బులెటిన్లు రోజుకి రెండుసార్లు చూడండి. మండపంలో పెళ్లి కాబట్టి పీటలకి భయం లేదు, తడిసేది వంటశాలే. షామియానా గుడ్డ నీళ్లు ఆపదు, పొట్టలా దిగి చినుగుతుంది. పొయ్యిల మీద రేకులు, లేదా ఏటవాలుగా గట్టి టార్పాలిన్ వేయించండి, పొగ పోయేందుకు ఒక పక్క వదిలి. పొయ్యిల కింద ఇటుకలతో జానెడు ఎత్తు, చుట్టూ కాలవ. కట్టెలైతే లోపల పెట్టించండి. గ్యాసైతే 19 కిలోల కమర్షియల్ సిలిండర్లే వాడాలి, ఇంట్లో సిలిండర్లు తెచ్చి పెట్టడం తప్పు, ప్రమాదం కూడా.

అరసవల్లి_బావ:

అన్నీ పెద్ద పెద్దవి చెప్పేశారు. నేను కాగితాల మాట చెప్తాను.

రిజిస్ట్రేషనుకి పెళ్లి తేదీ 22 అని వెయ్యాలి, 12:48 కదా. కార్డు మీద 21 ఒక్కటే ఉంటే ఆఫీసులో అడ్డం పడతారు, అక్కడే "తెల్లవారితే 22" పనికొస్తుంది. పెళ్లి కార్డు, ఇద్దరి పదో తరగతి సర్టిఫికెట్లు, ఆధార్లు, ముగ్గురు సాక్షులు, తాళి కడుతున్న ఫోటో. ఆ ఫోటోలో ఇద్దరి ముఖాలూ తెలియాలి. వెనక నుంచి వదినగార్లందరూ ముడి వేస్తూ ఉంటే అబ్బాయి వీపు తప్ప ఏమీ పడదు. ఫోటోగ్రాఫరుకి ఇది ఒక్కటీ చెప్పి, మిగతా వేళ "ఇంకోసారి కట్టండి" అనకూడదని కూడా చెప్పండి. మీ పాస్‌పోర్టుల్లో పేరెలా ఉందో ఫారంలో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. సెలవు అయిపోయి బెంగళూరు వెళ్లిపోతే సాక్షుల్ని మళ్లీ పోగెయ్యడం కష్టం, 23, 24 తేదీల్లోనే పని ముగించండి.

బంగారం: 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగ మీద 6 అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు (ఒక్కో నగకీ విడిగా ఇచ్చే గుర్తింపు) లేకుండా అమ్మకూడదు, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. 2 గ్రాముల లోపు వాటికి మినహాయింపు ఉంది. అంచేత చిన్న తాళిబొట్టు మీద నంబరు లేదని కొట్టువాడితో పోట్లాడకండి, గొలుసు మీద లేకపోతే మాత్రం వదలకండి. పుట్టింటి బొట్టు, అత్తింటి బొట్టు రెండూ ఒకే పసుపుతాడుకి గుచ్చుతారు, రంధ్రాల్లో తాడు దూరుతుందో లేదో ఇంటి దగ్గరే చూడండి. అర్ధరాత్రి కంసాలి దొరకడు.

ఒక సంచీ, ఒక మనిషి. సూత్రాలు, మెట్టెలు, నల్లపూసలు, బాసికాలు, అడ్డుతెర గుడ్డ, మధుపర్కాలు అన్నీ ఆ సంచీలోనే. ఆ మనిషి పెళ్లికూతురి అమ్మానాన్నా కాకూడదు, వాళ్లు పీటల మీదుంటారు. పిన్నో, మేనత్తో, నిద్ర ఆపుకోగలిగినవాళ్లు. సన్నికల్లు, కాడి మండపంలో ఉంటాయనుకుంటారు గానీ ఉండవు, పంతులుగారి చీటీలో ఉన్నాయో లేదో చూడండి.

చదివింపుల దగ్గర కూర్చునే ఇద్దరినీ 11కి ముందే లేపి భోంచెయ్యమని పంపండి. కవర్ల పెట్టె గదిలో పెట్టి తాళం వేశాకే పీటల దగ్గరికి రావాలి. ముహూర్తం వేళకి అందరూ లేచి మండపం చుట్టూ చేరతారు, హాలు వెనక సగం ఖాళీ అయిపోతుంది. దొంగలకి అదే మంచి ముహూర్తం.

పందిరిరాట:

బావ గారు కాడి గుర్తు చేశారు, మంచిది. ఇంకొక్కటి. ఆదివారం ఉదయం 5:30కి బయల్దేరితే విజయనగరంలో గృహప్రవేశం 8కి అయిపోతుంది. ఆ రోజే సత్యనారాయణ వ్రతం పెట్టమంటారు. రెండు రాత్రులు నిద్రలేని పిల్ల పీట మీద తూలుతుంది. కార్తీక సోమవారం ఉదయానికి పెట్టించండి, ఎవరూ కాదనరు.

నాగావళి_గట్టు:

మండపానికి ఇవాళే ఫోన్ చేశాం. పుస్తకంలో నిజంగానే 22 అని ఒక్క తేదీయే రాసి ఉంది. 21 ఉదయం 6 నుంచి 22 ఉదయం 10 అని మార్పించి, కొత్త రసీదు వాట్సాప్‌లో తెప్పించుకున్నాం. అడ్డాకులకి ఎవరిని అడగాలో తెలిస్తే చెప్పండి.

గుండిగ_గరిటె:

సీతంపేట సోమవారం సంతలో అడగండి, కుట్టినవి కట్టలుగా అమ్ముతారు. కొనేముందు ఒక విస్తరి తీసి వెలుగుకి పట్టి చూడండి, పుల్లలు గుచ్చిన చోట చీలి ఉంటే దప్పళం కారిపోతుంది.